మంచు పగిలితే ఎలా లేవాలి: అలాస్కాలో మా అమ్మాయి ఆడిన ఆటలు

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం స్కూల్ నుంచి వచ్చి, బ్యాగ్ పక్కన పడేసి హాల్లో మోకాళ్ల మీద కూర్చుంది. పాదాల పైభాగం నేలకు ఆనించింది. చేతులు రెండూ వెనక్కి ఊపి ఒక్క ఉదుటున లేచి ముందుకు దూకబోయి బోర్లా పడింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ పడింది. "ఏంటే ఇది, మోకాళ్లు పగులుతాయి" అని నేను వంటింట్లోంచి అరిచాను. "నీల్ జంప్ అమ్మా. మంచు మీద మోకాళ్లేసి కూర్చున్నప్పుడు అది పగిలిందనుకో, ఇలా లేస్తేనే బతుకుతారు" అంది.

ఎన్‌వైఓ మా ఇంట్లోకి వచ్చింది ఆ సాయంత్రమే. పూర్తి పేరు నేటివ్ యూత్ ఒలింపిక్స్. 2021లో మా ఆయన ఉద్యోగం కోసం యాంకరేజ్ వచ్చాం. ఇక్కడి స్కూళ్లలో పిల్లలు ఇళ్లల్లో మాట్లాడే భాషలు వందకు పైనే ఉన్నాయి, అందులో మా తెలుగు ఒకటి. అలాస్కాలో ఆదివాసులు ఉన్నారని తెలుసు గానీ, వాళ్ల గురించి నాకు తెలిసినదంతా ఎయిర్‌పోర్టులో గాజు పెట్టెల్లో చూసిన బొమ్మలూ బుట్టలే. పాప తెచ్చిన పర్మిషన్ కాగితం చదివాకే ఈ పోటీల సంగతి తెలిసింది. ఏడు నుంచి పన్నెండో తరగతి పిల్లలు ఏడాదికోసారి, ఏప్రిల్ నెలాఖరులో, రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చి ఆడతారు. పేరులో ఒలింపిక్స్ ఉన్నా ఇందులో పరుగుపందెం ఉండదు, ఈత ఉండదు. వేటకు, చేపలకు, మంచు మీద ప్రాణం నిలుపుకోవడానికి ఇక్కడి ప్రజలు తరతరాలుగా ఒంటిని సిద్ధం చేసుకున్న ఆటలే అన్నీ.

ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. దెబ్బల భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకో సందేహం. ఇవి వాళ్ల ఆటలు. వాళ్ల తాతముత్తాతల నుంచి లాక్కున్నవి పోగా మిగిలినవి. ఎక్కడినుంచో వచ్చిన మన పిల్ల అందులో చేరడం సబబేనా? ఆ మాటే కోచ్‌కి ఫోన్ చేసి అడిగేశాను. ఆవిడ ఇనుపియాక్ అనే ఆదివాసీ తెగ మనిషి, ఉత్తర తీరంలోని ఒక పల్లెలో పుట్టి పెరిగారు. నేను చెప్పిందంతా తొందరపడకుండా విన్నారు. "ఆటలు మావే. ఆడటానికి ఎవరైనా రావచ్చు, ఎన్‌వైఓ ఎప్పుడూ అందరికీ తెరిచే ఉంటుంది. కాకపోతే నా దగ్గర ఒక షరతు ఉంది. ఏ ఆటైనా సరే, అది ఎందుకు పుట్టిందో తెలుసుకున్నాకే ఆడాలి" అన్నారు. ఆ రాత్రే సంతకం పెట్టాను.

ప్రాక్టీసు జనవరిలో మొదలైంది. ఇక్కడ జనవరి మొదట్లో పొద్దున పది దాటితే గానీ సూర్యుడు రాడు, నాలుగు గంటలకల్లా వెళ్లిపోతాడు. పైగా ఆ ఏడాది, అంటే 2023-24 చలికాలంలో, యాంకరేజ్‌లో 100 అంగుళాలకు పైగా మంచు పడింది. స్కూల్ అయ్యాక చీకట్లోనే పాపను తీసుకురావడానికి వెళ్లేదాన్ని. కొంచెం ముందుగా వెళ్లి జిమ్‌లో మూలన కూర్చోవడం అలవాటైంది. మొదట్లో కారులో చలికి ఉండలేక వెళ్లాను, తర్వాత ఆటలు చూడటానికే వెళ్లాను.

కోచ్ షరతు ఉత్త మాట కాదు. ప్రతి రోజూ ఆట మొదలుపెట్టే ముందు ఒక పిల్లో పిల్లాడో లేచి ఆ ఆట కథ చెప్పాలి. రెండు పాదాలతో ఎత్తుకు తన్నే ఆట కథ నేను మొదట విన్నది ఒక తొమ్మిదో తరగతి కుర్రాడి నోట. తిమింగలం దొరికితే ఒక మనిషి ఊరి వైపు పరిగెత్తుకొస్తాడు. ఎంత అరిచినా ఆ గాలిలో ఊరికి వినపడదు. చెట్టూ చేమా లేని తెల్లటి నేల కాబట్టి మనిషి మాత్రం చాలా దూరం నుంచి కనిపిస్తాడు. కనుక అతను రెండు కాళ్లూ జంటగా గాల్లోకి ఎగరేసి తన్నేవాడు. అది చూడగానే ఊరంతా సాయానికి బయల్దేరేది. ఇప్పుడు జిమ్‌లో స్టాండుకి, సీల్ అనే చల్లటి సముద్రపు జంతువు చర్మంతో కుట్టిన చిన్న బంతి వేలాడుతుంది. రెండు పాదాలూ ఒకేసారి దానికి తగలాలి, మళ్లీ రెండు పాదాల మీదే కదలకుండా దిగాలి. నోమ్ పట్టణంలో పెరిగిన నికోల్ జాన్‌స్టన్ 1989లో 6 అడుగుల 6 అంగుళాల ఎత్తులో ఉన్న బంతిని అలా తన్నారు. నా తలకు అడుగు పైన! ఆ కథ చెప్పిన కుర్రాడు మామూలుగా ఎవరితోనూ మాట్లాడడట. ఆ రోజు మాత్రం చేతులు ఊపుతూ, మంచు ఎక్కడుందో ఊరు ఎక్కడుందో నేల మీద గీసి చూపించాడు.

మా అమ్మాయి సీల్ హాప్‌తో నానా తిప్పలూ పడింది. సీల్ మంచు మీద ఎలా జరుగుతుందో అలా, ఒళ్లంతా కర్రలా బిగించి, చేతుల మీద, కాలి వేళ్ల మీద గెంతుతూ పోవాలి. వేటగాడు సీల్‌కి అనుమానం రాకుండా దగ్గరకు వెళ్లడానికి దాని నడకనే అనుకరించేవాడట. అమ్మాయిలు అరచేతుల మీద గెంతుతారు, అబ్బాయిలు పిడికిళ్ల మీద. ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లది గెలుపు. చూడటానికి తేలికనిపిస్తుంది. ఒక రాత్రి పాప పడుకున్నాక నేను ప్రయత్నించాను. మూడు గెంతులకే మణికట్లు మండిపోయాయి. మొదటి వారం తను జిమ్‌లో సగం దూరం కూడా పోలేకపోయింది. ఇంటికొచ్చి చేతులు గోరువెచ్చని నీళ్లలో పెట్టుకుని కూర్చునేది. మానేయమని మాత్రం నేను అనలేదు, తనూ అడగలేదు.

ఇంకో ఆట వాళ్ల తాతయ్యను, అంటే మా నాన్నను, కూడా ఇందులోకి లాగింది. దాని పేరు దెనే స్టిక్ పుల్. దెనే అంటే ఇక్కడి ఆదివాసుల్లో మరో తెగ. అడుగు పొడవు కర్ర, రెండు కొసలూ సన్నగా చెక్కి ఉంటుంది, దానికి బాగా కొవ్వు పూస్తారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని తిన్నగా లాగాలి. కుదపకూడదు, మెలి తిప్పకూడదు. సాల్మన్ చేపను నీళ్లలో తోక దగ్గర పట్టుకోవడానికి చేతి పట్టు కావాలి కదా, ఆ పట్టు కోసం పుట్టిన ఆట. పాప ఇంట్లో అప్పడాల కర్రకు నూనె రాసి మా ఆయనతో లాగుడు ప్రాక్టీసు చేస్తుంటే వీడియో కాల్‌లో మా నాన్న చూశారు. కృష్ణా కాలువల పక్కన పెరిగిన మనిషి ఆయన. "అలా కాదు తల్లీ. కొర్రమీను కూడా అంతే, భయపడి పిసికావంటే జారిపోద్ది. ముందు చిటికెన వేలు బిగించు, మిగతావి తర్వాత" అన్నారు. మర్నాడు పాప అదే మాట కోచ్‌కి చెప్పిందట. ఆవిడ చాలా సంతోషపడి, తాతయ్యకు చేపల సంగతి తెలుసన్నమాట అని, జట్టు మొత్తాన్నీ కూర్చోబెట్టి మళ్లీ చెప్పించారట. మా నాన్న ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి చెప్పుకున్నారో లెక్క లేదు.

ఫిబ్రవరిలో ఒకరోజు పిల్లలు నీళ్లు తాగుతుంటే కోచ్ నా పక్కన కూర్చున్నారు. ఈ పోటీలు ఎలా మొదలయ్యాయని అడిగాను. ఆవిడ వాళ్లమ్మ గురించి చెప్పారు. ఆ రోజుల్లో పల్లెల్లో హైస్కూళ్లు లేవు. పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి విమానమెక్కి దూరపు హాస్టల్ స్కూలుకో, లేదంటే యాంకరేజ్ లాంటి పట్టణంలో ముక్కూమొహం తెలియని వాళ్లింటికో వెళ్లి చదువుకోవాలి. అలా వచ్చిన పిల్లలను పట్టణంలో ఇళ్లల్లో ఉంచి చదివించే పద్ధతిని బోర్డింగ్ హోమ్ ప్రోగ్రామ్ అనేవాళ్లు. 1971లో ఎన్‌వైఓ మొదలైంది ఆ పిల్లలతోనే. ఇంటి మీద బెంగతో ఉన్న పిల్లలు తమ ఊళ్లో ఆడే ఆటలను ఒకరికొకరు నేర్పుకున్నారు. వంద మందికి పైగా పోగై ఆడారు. ఆ తర్వాత మోలీ హూచ్ అనే యూపిక్ తెగ అమ్మాయి పేరు ముందుండి నడిచిన కోర్టు కేసు 1976లో రాజీతో ముగిసింది. పల్లెల్లోనే హైస్కూళ్లు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. పిల్లలు ఇళ్లకు దూరంగా పోవాల్సిన అవసరం తగ్గింది, ఆటలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ వాటిని నడుపుతోంది.

"మా అమ్మ అంటుండేది, ఆ ఇంట్లో తన భాష మాట్లాడితే విసుక్కునేవాళ్లట. ఆటలు ఆడితే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కనుక ఆటల్లో దాచుకున్నాం" అన్నారు ఆవిడ.

ఆ మాట విన్నాక చాలా రోజులు మామూలుగా ఉండలేకపోయాను. అలాస్కాలో చాలా స్కూళ్లలో పిల్లలు సొంత భాష మాట్లాడితే శిక్షించేవాళ్లని, చర్చి వాళ్లు చాలాచోట్ల నాట్యాలను, డప్పులను మాన్పించారని అప్పటికే చదివాను. అయితే చదవడం వేరు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కూతురు నా పక్కన కూర్చుని, నా కూతురికి ఆట నేర్పుతూ, ఆ సంగతి చెప్పడం వేరు.

1961లో అలాస్కాలోనే ఫెయిర్‌బ్యాంక్స్ పట్టణంలో మొదలైన పెద్దవాళ్ల పోటీలు, ఇప్పుడు వరల్డ్ ఎస్కిమో-ఇండియన్ ఒలింపిక్స్ అని పిలిచేవి, అవి పుట్టిన కారణం కూడా ఇలాంటిదే. పల్లెలకు విమానాలు నడిపే ఇద్దరు పైలట్లు అక్కడి ఆటలూ నాట్యాలూ కళ్లముందే కనుమరుగవుతాయేమో అని దిగులుపడి, పట్టణంలో ఒక వేదిక పెట్టించారు. ఇప్పటికీ ఏటా జులైలో జరుగుతాయి. చెవులకు దారం కట్టుకుని లాగే ఆట దగ్గర నుంచి సీల్ చర్మం ఒలిచే పోటీ వరకు అన్నీ ఉంటాయి.

ఆ ఏడాది మాకు ఇంకో అదృష్టం పట్టింది. 2024 మార్చిలో ఆర్కిటిక్ వింటర్ గేమ్స్ మాకు గంట ప్రయాణం దూరంలో ఉన్న మ్యాట్-సు లోయలో జరిగాయి. అలాస్కాతో పాటు కెనడా ఉత్తర ప్రాంతాలు, గ్రీన్‌లాండ్, నార్డిక్ దేశాల ఆదివాసులైన సామీ ప్రజలు, మొత్తం ఎనిమిది జట్లు. 1970లో కెనడాలోని యెల్లోనైఫ్‌లో మొదలైన ఈ పోటీల్లో స్కీయింగ్, హాకీ లాంటివి కూడా ఉంటాయి. పతకాలు మాత్రం ఉలు ఆకారంలో ఇస్తారు. ఉలు అంటే ఇక్కడి ఆడవాళ్లు మాంసం, చేప కోయడానికి వాడే అర్ధచంద్రం లాంటి కత్తి. బంగారు ఉలు, వెండి ఉలు, కంచు ఉలు. ఒక కత్తిపీటను పతకం చేసి గెలిచినవాళ్ల మెడలో వేయడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. వంటింటి పనిముట్టుకు అంత గౌరవం ఇవ్వడం ఇంకెక్కడా చూడలేదు.

అక్కడ ఒక హ్యాండ్ గేమ్ చూశాం. రెండు జట్లు ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చుని, గుప్పిట్లో చిన్న వస్తువు దాచి, డప్పుల మోతకు ఊగుతూ ఉంటే, అవతలి జట్టు నాయకుడు చేతి సైగతో అది ఏ గుప్పిట్లో ఉందో చెప్పాలి. డప్పు మొదలైతే మాట వినపడదు. మా పాప పక్కన కూర్చున్న గ్రీన్‌లాండ్ పిల్లకు ఇంగ్లీషు అంతగా రాదు. ఇద్దరూ తమ జట్ల బ్యాడ్జి పిన్నులు మార్చుకున్నారు, అక్కడ అది పెద్ద ముచ్చట. ఆ పిల్ల స్నేహితులతో తన భాషలో గలగలా మాట్లాడుతోంది. మా పాప ఆ పిల్లను అదేపనిగా చూసి, "వాళ్లు ఇంట్లో కూడా అదే మాట్లాడతారా?" అని నన్నడిగింది. అవుననుకుంటా అన్నాను. తిరుగు ప్రయాణంలో కారులో సగం దారి తెలుగులో మాట్లాడింది. నేనేమీ అనలేదు, ఏమైనా అంటే ఆపేస్తుందని.

ఈ ఆటల వల్ల భాషలు తిరిగి వచ్చేస్తాయని నేను అనుకోను. 2008 జనవరిలో మేరీ స్మిత్ జోన్స్ ఇదే యాంకరేజ్‌లో చనిపోయారు. ఏయాక్ అనే ఇక్కడి ఆదివాసీ భాషను పుట్టుకతో మాట్లాడే చివరి మనిషి ఆవిడే. 2014లో రాష్ట్రం 20 ఆదివాసీ భాషలను అధికార భాషలుగా గుర్తించింది. గుర్తించినంత మాత్రాన ఇళ్లల్లో మాట రాదు. దానికి బడి కావాలి, డబ్బు కావాలి, ముసలివాళ్ల దగ్గర కూర్చునే ఓపిక కావాలి. కానీ పిల్లకు ముందు ఇది నాది అనే గర్వం కావాలి కదా. ఆ గర్వం ఈ జిమ్‌లో పుట్టడం నా కళ్లతో చూశాను. నోరు విప్పని కుర్రాడు తిమింగలం కథ చెప్పడానికి పోటీ పడి లేవడం చూశాను.

ఏప్రిల్‌లో మా స్కూల్ జట్టు ఎంపికలో పాప నీల్ జంప్‌కి, సీల్ హాప్‌కి నిలిచింది. స్టిక్ పుల్‌లో ఓడిపోయి తాతయ్యకు ఫోన్ చేసి ఏడ్చింది. రాష్ట్ర పోటీలు యూనివర్సిటీలోని అలాస్కా ఎయిర్‌లైన్స్ సెంటర్‌లో మూడు రోజులు. మొదటి రోజు జట్లన్నీ ఊరి పేరున్న బ్యానర్లు పట్టుకుని నడుచుకుంటూ వచ్చాయి. రోడ్డే లేని పల్లెల నుంచి చిన్న విమానాల్లో వచ్చిన పిల్లలు ఉన్నారు. ఒక్కో ఊరి పేరు పిలుస్తుంటే పై వరుసల్లో ఎవరో ఒకరు లేచి కేకేస్తున్నారు.

నీల్ జంప్‌లో మూడు ఛాన్సులు ఇస్తారు. దూకి రెండు పాదాల మీద దిగి కదలకుండా నిలబడితేనే కొలుస్తారు. పాప మొదటిసారి తూలి ముందుకు అడుగేసింది. రెండోసారి చేయి నేలకు ఆనింది. రెండూ లెక్కలోకి రాలేదు. నాకు టెన్షన్‌తో గొంతు ఎండిపోయింది. అప్పుడు తన తర్వాత దూకాల్సిన అమ్మాయి, యూపిక్ పల్లె నుంచి వచ్చిన పిల్ల, పాప దగ్గరకు వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. తన భుజం పట్టుకుని ఏదో చెప్పింది, చేతులు ఎక్కడిదాకా ఊపాలో చూపించింది. పాప పాదాలను తన చేత్తోనే కాస్త దగ్గరకు జరిపింది. జడ్జి కూడా ఆగి, అది పూర్తయ్యేదాకా చూశారు. పోటీలో ఎదుటివాళ్లు! మూడోసారి పాప 31 అంగుళాలు దూకి మేకులా నిలబడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆ పిల్లే. తర్వాత తను దూకి మా పాపను చాలా దూరం దాటేసింది.

ఇక్కడ ఇది మామూలే అని తర్వాత తెలిసింది. వేటలో పక్కవాడు బలహీనంగా ఉంటే ఊరికే నష్టం, కనుక పక్కవాడికి నేర్పడం ఆటలో భాగం. ఎన్ని పోటీలు చూసినా అవతలి జట్టు కోచ్ వచ్చి సలహా చెప్పడం నేను ఇంకెక్కడా చూడలేదు. నన్నడిగితే, ఈ ఆటల్లో బతికి ఉన్న అసలు సంస్కృతి అదే. సీల్ చర్మం బంతి, డప్పు, దుస్తులు దాని చుట్టూ ఉన్నవి.

నా వెనక వరుసలో ఆ యూపిక్ పిల్ల నాయనమ్మ కూర్చుని ఉన్నారు. నేను కృతజ్ఞత చెబితే నవ్వి, నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నారు. మీరు కూడా చిన్నప్పుడు ఆడేవారా అని అడిగాను. "ఇంట్లో ఆడేవాళ్లం. బడిలో ఆడనిచ్చేవాళ్లు కాదు" అన్నారు. తర్వాత సీల్ హాప్ మొదలైంది. మనవరాలు గెంతుతుంటే ఆవిడ ముందుకు వంగి, పెదాలతో మెల్లగా యూపిక్‌లో ఏదో అంటూనే ఉన్నారు, ప్రతి గెంతుకూ ఒక మాట. ఆ పిల్ల అలిసి నేల మీద వాలిపోయి, తలెత్తి నేరుగా నాయనమ్మ వైపు చూసి "కుయానా" అంది. వాళ్ల భాషలో థాంక్స్ అని అర్థం. ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

మా పాప సీల్ హాప్‌లో ముందు వరుస దరిదాపుల్లోకి కూడా రాలేదు. జనవరిలో జిమ్‌లో సగం కూడా దాటలేని పిల్ల, ఆ రోజు అవతలి గోడ దాకా వెళ్లి, తిరిగి కొంత దూరం వచ్చింది. అరచేతులు కందిపోయాయి. ఆ చేతులతోనే రాత్రి తాతయ్యకు వీడియో కాల్ చేసి చూపించింది.

"సీల్ అంటే ఏంటమ్మా, తెలుగులో ఏమంటారు?" అన్నారు మా నాన్న. పాప నా వైపు చూసింది. నాకు తెలియలేదు. నీటికుక్క అందామంటే అది వేరే జంతువు. "మన సముద్రంలో లేనిదానికి మన వాళ్లు పేరెందుకు పెడతారులే. వాళ్లేమంటారో అదే చెప్పు" అన్నారాయన. కోచ్ నేర్పిన ఇనుపియాక్ మాట ఒకటి పాపకు గుర్తుంది. గడ్డం ఉన్న పెద్ద సీల్‌ని ఉగ్రుక్ అంటారు. రెండుసార్లు పలికించుకుని, డైరీ తెచ్చుకుని తెలుగులో రాసుకున్నారు మా నాన్న.

ఇప్పుడు పాప ఎప్పుడు ఫోన్ చేసినా, తిన్నావా అని అడగకముందే ఆయన అడిగేది ఒకటే. "ఉగ్రుక్ గెంతు ఎంతదాకా వచ్చింది తల్లీ?"